ఎవలన్నా తరుముతున్నరా?

ఆదివారం అనుబంధాల్లో ఆరోగ్యం పేజీ ఒకటి ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు అందులో ఒకే వ్యాసం వేరు వేరు బొమ్మలతో వస్తుంది. ఇరవైల్లో పరుగెత్తండి, ముప్పైల్లో ఈత కొట్టండి, నలభైల్లో సైకిలు తొక్కండి, యాభై దాటాక తీవ్రత తగ్గించండి, అరవైల్లో నడక, ప్రాణాయామం చాలు. పై మెట్టు నుంచి ఒక్కొక్క మెట్టే మర్యాదగా దిగి వస్తున్న మనిషి బొమ్మ కూడా వేస్తారు. ఆ మెట్ల మీద ఉన్న ఒళ్ళు ఎవరిదని నేను అడగదలుచుకున్నాను.

ఇరవైల్లో పరుగెత్తిన ఆడమనిషిని మా అక్కన్నపేటలో నాకు చూపించండి. మా అమ్మ ఇరవై రెండేళ్ళకి ఇద్దరు పిల్లల తల్లి. ఆమె పరుగెత్తలేదని కాదు, బర్రె పక్కోళ్ళ చేన్ల పడ్డప్పుడు పరుగెత్తింది, వాన మొగులైనప్పుడు ఆరబోసిన వడ్ల మీద పట్టాలు కప్పడానికి పరుగెత్తింది. దాన్ని ఏ మెట్టు మీద పెడతారు? మగవాడి జీవితంలో వ్యాయామం నిజంగానే ఒక ఏటవాలు. యవ్వనంలో ఎత్తుగా మొదలై నెమ్మదిగా దిగుతుంది. ఆడవాళ్ళది అట్లా ఉండదు. పన్నెండేళ్ళ దాకా కోతిలాగా చెట్లెక్కిన పిల్ల పదమూడో ఏట ఒక్కసారిగా గూట్లో పడుతుంది. ఆ తర్వాత ముప్పై ఐదేళ్ళు ఒళ్ళు హూనమయ్యేంత శ్రమ, అందులో వ్యాయామం అనదగింది గంట కూడా ఉండదు. యాభై దగ్గరికి వచ్చేసరికి షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు. అప్పుడు డాక్టరు తలెత్తకుండా చీటీ మీద రాస్తాడు, 'రోజూ నడవాలి' అని. మగవాడు ఆపే వయసులో ఆమెని మొదలుపెట్టమంటారు. ఆడదాని ఒంటి శ్రమ ఎంత తీవ్రంగా ఉండాలో ఆమె వయసు నిర్ణయించదు, ఆమె పొద్దు ఎవరి చేతిలో ఉందో అది నిర్ణయిస్తుంది. నేను ఈ వ్యాసంలో చెప్పేది ఇదే.

అక్కన్నపేట 2016 అక్టోబరు దాకా హుస్నాబాద్ మండలంలో, కరీంనగర్ జిల్లాలో ఒక ఊరు. జిల్లాలు విడగొట్టినప్పుడు మండల కేంద్రమై సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. మెట్ట నేల. పత్తి, మక్క, నీళ్ళున్న చోట వరి. చుట్టూ లంబాడా తండాలు. నా చిన్నప్పుడు ఆటలకి కొదవలేదు. కానీ ఇప్పుడు సాహిత్య పరిశోధకురాలి కళ్ళతో ఆ ఆటల్ని మళ్ళీ చదువుకుంటే ఒక సంగతి కనిపిస్తుంది. మగపిల్లల చిర్రగోనెకి ఊరి బయట దాకా జాగా కావాలి. కొట్టిన చిర్ర ఎంత దూరం పోతే అంత గొప్ప. ఆడపిల్లల తొక్కుడుబిళ్లకి ముగ్గు గీసినట్టు గీసిన గడులు చాలు. అందులోనూ ఒంటికాలి మీద, గీత తొక్కకుండా. గీత తొక్కితే అవుటు! ఇంకొంచెం పెద్దయ్యాక అచ్చనగాయలు, వామనగుంటలు, కూర్చుని ఆడేవి. వయసుతో పాటు మనకి ఆట జాగా ఎట్లా కుదించుకుపోయిందో ఆటలే చెప్తాయి. 1980లో అమెరికన్ తత్వవేత్త ఐరిస్ మేరియన్ యంగ్ ఆడపిల్లలు బంతి విసిరే తీరు మీద రాసిన వ్యాసం మనలో చాలామంది క్లాసుల్లో పాఠం చెప్పాం. బంతి విసరడానికి చెయ్యి ఒక్కటే కదిలించే అమ్మాయి తన చుట్టూ ఉన్న జాగా తనది కాదని ముందే నేర్చుకుందని ఆమె వాదన. తొక్కుడుబిళ్ల ఆడినవాళ్ళకి అది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

నేను హైస్కూలు చదివింది బంధువుల ఇంట్లో ఉండి, వేరే ఊర్లో. అక్కడ ఎనిమిదో తరగతి నుంచి ఆటల పీరియడు అంటే మగపిల్లలు మైదానంలోకి, ఆడపిల్లలు యాపచెట్టు కిందికి. మా పని వాళ్ళ సంచులు చూడటం. 'ఓణీలు కట్టుకొని ఏం ఉరుకుతరు' అనేవారు సారు, కోపంగా కూడా కాదు, మా మీద జాలితోనే. ఏడో తరగతి దాకా నూరు మీటర్ల పందెంలో నా ముందు ఇద్దరు మగపిల్లలే ఉండేవాళ్ళు. రెండేళ్ళలో నా కాళ్ళు పొట్టివి కాలేదు, నా గుండె చిన్నది కాలేదు. మారింది నా ఒంటి మీద నిఘా.

తరవాతి ఘట్టం, పని. ఇక్కడే నాకు రెండు వైపులా పోట్లాట ఉంది.

మొదటి వైపు అందరికీ తెలిసిందే. 'మా ఆడోళ్ళకి వేరే ఎక్సర్‌సైజెందుకు, ఇంటి పనే ఎక్సర్‌సైజు' అనే మొగుళ్ళు, అత్తలు. బోరింగు కొడితే చేతులకి బలం, ఊడిస్తే నడుముకి మంచిది, రోట్లో రుబ్బితే పొట్ట తగ్గుతుంది. ఈ మాటలు ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటోలతో తిరుగుతున్నాయి. చాకిరీకి ఇంత చవకైన ప్రచారం ఇంకోటి లేదు.

రెండో వైపు మన వాళ్ళు. సాహిత్య సభల్లో, భోజనాల దగ్గర నేను విన్నది ఇది. వ్యాయామం మధ్యతరగతి వ్యామోహం, జిమ్ములు మార్కెట్టు మాయ, శ్రామిక స్త్రీ శరీరం సహజంగానే దృఢమైంది, ఆమెకి ఇవేం అక్కర్లేదు. మార్కెట్టు గురించి వాళ్ళ మాట సగం ఒప్పుకుంటాను. సన్నబడటాన్ని అమ్మే దుకాణాలు ఆడవాళ్ళ సిగ్గు మీద బతుకుతున్నాయి. కానీ రెండో సగం వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 'సహజ దృఢత్వం' అనే వాళ్ళు ఒక్క నవంబరు నెల పత్తి చేన్లో ఉండి చూడాలి. ఒడి కట్టుకొని పొద్దుటి నుంచి మునుం పట్టి వంగిన నడుము మాపటికి నిలబడదు. నాటు వేసే ఆమె గంటల తరబడి మోకాలి లోతు బురదలో వెనక్కి వెనక్కి నడుస్తుంది. ఆ పనిలో వేగం ఆమె చేతిలో లేదు, ఆపడం ఆమె చేతిలో లేదు, అలిసిపోయాక విశ్రాంతి అసలే లేదు. ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించాలి. దళిత స్త్రీలు 2003లో 'నల్లపొద్దు' సంకలనం వచ్చేనాటికే, దానికి ముందూ తరవాతా, తమ శ్రమని తామే చెప్పుకున్నారు. అవి చదివి కూడా ఇంకా శ్రామిక స్త్రీ ఒంటిని శిల్పం లాగా చూస్తున్నామంటే మన చదువు ఎక్కడికి పోయినట్టు?

ఇది భావోద్వేగం అనుకునే వారికి ఒక లెక్క. కోపెన్‌హాగన్‌లో లక్షకు పైగా మందిని దాదాపు పదేళ్ళు గమనించి ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం 2021లో ఒక అధ్యయనం ప్రచురించింది. తీరిక వేళ చేసే వ్యాయామం ఎక్కువైన కొద్దీ గుండెజబ్బు, మరణం ముప్పు తగ్గింది. కూలి కోసం చేసే శారీరక శ్రమ ఎక్కువైన కొద్దీ ఆ ముప్పు పెరిగింది. అది పేదరికం వల్లే కదా అనవచ్చు. చదువు, ఆదాయం, పొగతాగడం లాంటివి లెక్కలోంచి తీసేసి చూసినా తేడా మిగిలింది. ఎందుకంటే వ్యాయామం గుండెని కాసేపు గట్టిగా పరుగెత్తించి తరవాత విడిచిపెడుతుంది. చాకిరీ దాన్ని రోజంతా పట్టుకునే ఉంటుంది. కండ బలపడేది పని చేసేటప్పుడు కాదు, పని తరవాత తిని పడుకున్నప్పుడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. బరువు పనులు చేసే స్త్రీకి రోజుకి 2720 కిలోక్యాలరీలు కావాలని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో చెప్పింది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే ఆడవాళ్ళకి అవి ఎక్కడి నుంచి వస్తాయో చెప్పలేదు.

మరి లెక్కల్లో మనం ఎట్లా కనిపిస్తాం? 2022 నాటికి భారతదేశంలో స్త్రీలలో 57 శాతం, పురుషులలో 42 శాతం చాలినంత శారీరక శ్రమ చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రకటించారు. పత్రికలన్నీ 'బద్ధకపు భారతం' అన్నట్టు రాశాయి. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. 2024 కాల వినియోగ సర్వేలో ఇంటి పని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టేది 88. సర్వే మనిషి వచ్చి 'మీరు ఏం పని చేస్తారమ్మా' అంటే 'ఏం లేదు సారు, ఇంట్లనే ఉంట' అని జవాబు చెప్పే ఆడవాళ్ళు మన ఇళ్ళన్నిటా ఉన్నారు. ఆమె పని పని కింద రాదు, వ్యాయామం కింద రాదు, విశ్రాంతి కింద మాత్రం పడిపోతుంది.

వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నిమిషాల తీవ్రమైన వ్యాయామం. ఇదీ సూత్రం. అంటే రోజుకి ఇరవై ఒకటిన్నర నిమిషాలు. ఆ 289లోంచి ఇరవై ఒకటిన్నర ఎవరు కోసి ఇస్తారు? ఆరోగ్యం పేజీలో ఈ ప్రశ్న ఎప్పుడైనా చూశారా? 'కాస్త సమయం కేటాయించుకోండి' అని ఉంటుంది, తప్పంతా మన సోమరితనానిదే అన్నట్టు.

తీవ్రతని కొలిచే కొలబద్ద సంగతి కూడా చెప్పాలి. 220లోంచి వయసు తీసెయ్యండి, అదే మీ గుండె గరిష్ఠ వేగం అని జిమ్ముల గోడల మీద, చేతి గడియారాల్లో ఇప్పటికీ ఉంది. 2010లో మార్తా గులాటీ బృందం షికాగోలో ఐదు వేలకు పైగా స్త్రీలని ట్రెడ్‌మిల్లు మీద పరీక్షించి, స్త్రీలకి ఆ లెక్క సరిపోదని చూపించింది. వాళ్ళ సూత్రం 206లోంచి వయసుకి 0.88 రెట్లు తీసెయ్యమంటుంది. నాకిప్పుడు ముప్పై ఏడు. పాత లెక్కలో నా గరిష్ఠం 183, కొత్త లెక్కలో 173. పది కొట్టుకోళ్ళ తేడా! ఆ పదీ అందుకోలేక 'నా వల్ల కాదు' అనుకొని మానేసిన ఆడవాళ్ళు ఎందరో.

యంత్రాలేవీ లేని కొలత ఒకటుంది, నాకు అదే ఇష్టం. మాట్లాడగలిగి పాడలేకపోతే ఓ మోస్తరు. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే తీవ్రం. ఈ లెక్కన బతుకమ్మ ఏ కోవలోకి వస్తుంది? ఆడుతూ పాడతాం కదా, తేలికదే అనుకోవాలి. కానీ మా వాడలో చూడండి, ఒక ఆమె పాట అందుకుంటే మిగతావాళ్ళు ఆ మధ్యలో ఊపిరి పీల్చుకుంటారు. పాట ఎత్తే ఆమె మారుతూ ఉంటుంది. తొమ్మిది రోజులు, వంగి చప్పట్లు కొడుతూ, లేస్తూ, చుట్టూ తిరుగుతూ, ఎనిమిదేళ్ళ పిల్లా అరవై ఏళ్ళ అవ్వా ఒకే వరసలో ఎవరి ఊపిరికి తగ్గట్టు వాళ్ళు. ఏ వయసుకి ఎంత తీవ్రత అని అక్కడ ఎవరూ చెప్పరు. అయితే అది ఏడాదికి తొమ్మిది రోజులు. మిగతా మూడు వందల యాభై ఆరు?

ఆడవాళ్ళకి వ్యాయామం చెయ్యడానికి అనుమతి దొరికే సందర్భాలు మూడే అని నాకు అర్థమైంది. పెళ్ళి చూపుల ముందు సన్నబడటానికి. జబ్బు వచ్చాక డాక్టరు చెప్తే. ఈ మధ్య మూడోది, పోలీసు ఉద్యోగానికి. కానిస్టేబులు పరీక్షలో ఆడవాళ్ళకి 800 మీటర్ల పరుగు ఉంటుంది కాబట్టి, నోటిఫికేషను పడగానే ఊర్లలో అమ్మాయిలు ట్రాకుప్యాంట్లు వేసుకొని రోడ్డు మీద పరుగెత్తుతారు, ఎవరూ ఏమీ అనరు. ఉద్యోగం వస్తే ఒకటి, రాకపోతే ఒకటి, పరుగు అక్కడితో ఆగిపోతుంది. మూడు సందర్భాల్లోనూ ఒళ్ళు ఇంకెవరి కోసమో తయారవుతోంది.

నేను హుస్నాబాద్ రోడ్డు మీద పరుగు మొదలుపెట్టింది ముప్పై నాలుగో ఏట, బిడ్డ బడికి పోవడం మొదలయ్యాక. సిద్ధాంత వ్యాసం రాసిన ఐదేళ్ళూ కుర్చీలో గడిచాయి, ఆ తరవాత మూడేళ్ళు బిడ్డని ఎత్తుకోవడంలో. సెలవులకి ఊరికి పోయినప్పుడు తెల్లారగట్ల ఐదున్నరకి బయలుదేరితే, పాలు పిండి వస్తున్న ఒక పెద్దమ్మ ఆగి అడిగింది. 'ఏందే బిడ్డా, ఎవలన్నా తరుముతున్నరా?' ఎగతాళి కాదు, ఆమె నిజంగా భయపడి నా వెనక రోడ్డు చూసింది. ఆడది పరుగెత్తుతోందంటే వెనక ఏదో ఉండి తీరాలి. కుక్కో, మొగుడో. 'లేదు పెద్దమ్మా, ఊకెనే' అన్నాను. ఆ 'ఊకెనే' ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. సాహిత్యం చదువుకున్న నాకు ఆ మాట ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. ఊకెనే కథ రాస్తాం, ఊకెనే పాట పాడతాం, ఊకెనే పరుగెత్తకూడదా?

ఒకప్పుడు తెల్లారగట్ల ఆడవాళ్ళందరూ కలిసి నడిచేవాళ్ళు. చెంబు పట్టుకొని. ఇంట్లో మరుగుదొడ్డి లేని రోజుల్లో ఊరి స్త్రీలకి గుంపుగా, అడిగేవాడు లేకుండా నడిచే హక్కున్న వేళ అదొక్కటే. అందులో ఉన్న అవమానం, భయం, పాముకాట్లు నాకు తెలుసు, ఆ రోజులు పోయినందుకు సంతోషమే. కానీ మరుగుదొడ్లు వచ్చాక ఆ అరగంట కూడా వంటింట్లోకే పోయింది. 2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణాలని ఊరూరా బోర్డులు పెట్టారు. ఆ బోర్డు కింద నలభై ఏళ్ళ ఆడమనిషి నిలబడిన ఫొటో నేనింకా చూడలేదు.

మనం, అంటే రాసేవాళ్ళం, చదువు చెప్పేవాళ్ళం, దీన్ని ఎందుకు వదిలేశాం? చలం 'స్త్రీ'లో ఆడవాళ్ళకి దక్కాల్సినవి మూడు చెప్పాడు. ఆ మాటలు తెలియని స్త్రీవాది తెలుగులో లేదు, పోస్టర్ల మీద కూడా రాసుకున్నాం. జ్ఞానం గురించి పోరాడాం. అనుభవం గురించి ఎన్ని తిట్లయినా తిని కవిత్వం రాశాం. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు శరీరం గురించి ఆడవాళ్ళు మాట్లాడటమే గగ్గోలైంది. కానీ ఆ మూడింట్లో మొదటిది వ్యాయామం. దాని గురించి మన దగ్గర ఏముంది? మన కథల్లో ఆడదాని ఒళ్ళు కంటుంది, వండుతుంది, దెబ్బలు తింటుంది, కోరుకుంటుంది, కోరబడుతుంది. తన ఇష్టంతో చెమట పట్టించుకున్న ఒళ్ళు, ఒక గుట్ట ఎక్కి ఆయాసంతో నవ్విన ఒళ్ళు ఎన్ని కథల్లో ఉంది? నాకు గుర్తొచ్చేవి ఒక చేతి వేళ్ళకి సరిపోవు. గాయపడిన శరీరాన్ని సిద్ధాంతీకరించడం మనకి బాగా వచ్చింది. బలపడిన శరీరం ఎదురైతే వ్యాసానికి మాటలు దొరకవు.

కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ బరువులెత్తే పోటీ 1896లో మొదలైంది, ఆడవాళ్ళది ఆ 2000లోనే. బరువులు మోసే పని ఆడవాళ్ళకి ఎన్నడూ ఉంది, బరువులెత్తే ఆట నూట నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడాది మన పత్రికల్లో మల్లీశ్వరి మీద ఎంత చర్చ జరిగిందో పాత సంచికలు తిరగేసి చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ పదమూడేళ్ళకి, 2014 మే నెలలో, ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఓరుగల్లు దగ్గర కల్లెడ నుంచి కూలి చేసుకునే ఇంట్లో పుట్టి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కంచు పతకం తెచ్చిన దీప్తి జీవన్‌జీ, వీళ్ళు 'సహజ దృఢత్వం' వల్ల అక్కడికి పోలేదు. తిండి, జాగా, తీరిక, నేర్పేవాళ్ళు దొరికితే పోయారు. దొరకనివాళ్ళు మా తండాల్లో పత్తి ఏరుతున్నారు.

ఇక నడివయసు సలహా. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో నూటికి ముగ్గురుంటే తెలంగాణలో ఏడుగురికి పైగా, ఆంధ్రలో ఇంకా ఎక్కువ. యాభై లోపు వాళ్ళ లెక్క ఇది. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు ముందుగానే బోలు కావడం మొదలవుతుంది. అట్లాంటి ఆమెకి చెప్పేది 'బరువులెత్తకు, మెల్లగ నడువు' అని. ఆపరేషనైన కొత్తలో అది సరైన మాటే. జన్మంతా అదే మాటేమిటి? పైగా ఇంట్లో సిలిండరు, బియ్యం బస్తా, మనవడు, వీటికి ఆ నిషేధం వర్తించదు! ముట్లుడిగాక ఎముక వేగంగా తరుగుతుంది. కండ ముప్పైల నుంచే కరుగుతూ వస్తుంది. దాన్ని ఆపేది నడక ఒక్కటే కాదు, క్రమంగా పెంచుకుంటూ పోయే బరువులు. అరవై ఐదు దాటినవాళ్ళకి కూడా వారానికి కనీసం మూడు రోజులు బలాన్నీ, పడిపోకుండా నిలదొక్కుకునే శక్తినీ పెంచే కసరత్తులు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020లో చెప్పింది. గుండె వేగం వయసుతో తగ్గుతుంది, నిజం. అంటే పదిహేడేళ్ళ పిల్ల పరుగెత్తితే వచ్చే ఆయాసం అరవై ఏళ్ళ ఆమెకి ఎత్తు మీదికి వడిగా నడిస్తే వస్తుంది. ఆమె తగ్గినట్టు కాదు, ఆమె తీవ్రత అది. ఆ ఆయాసం కూడా ఆమెకి అక్కర్లేదనడానికి ఎవరికీ హక్కు లేదు.

మా అమ్మకి ఇప్పుడు యాభై తొమ్మిది. షుగరు వచ్చి ఆరేళ్ళు. డాక్టరు నడవమన్నప్పుడు 'నేను నడవక ఏడ కూసున్న' అని నవ్వింది. పోయిన సంక్రాంతికి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అరనిమిషంలో నాలుగు సార్లు లేవగలిగింది. ఇప్పుడు పదకొండు. రెండు చేతుల్లో ఐదేసి లీటర్ల నీళ్ళ డబ్బాలు పట్టుకొని వాకిట్లో నలభై అడుగులు వేస్తుంది. ఆ నీళ్ళు వంటింటికి తీసుకుపోదు, చెట్లకి పొయ్యదు. తిరిగి అక్కడే దించుతుంది. చూసిన మా చిన్నమ్మ 'పనికి రాని మోత' అంది. అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది, ఆమెక్కూడా రెండు డబ్బాలు కొనిపెట్టిందట.